నలభైమూడో కంప్లెయింటు

ఖాతా బుక్కు వెనక పేజీలల్ల
తారీకులు రాసుకుంట వచ్చిన.
జూన్ నాలుగు, పొద్దుగాల పదిన్నర, ఎర్రలైటు.
జూన్ అయిదు, ఎర్రలైటు.
జూన్ తొమ్మిది, పచ్చలైటే, గని ఒక్క పేజీ తెరుసుకోలె.
పక్కపొంటి వాళ్లిచ్చిన తొమ్మిదంకెల నంబరు.
పాల లెక్క, చిట్టీ లెక్క గూడ
ఇంత పక్కాగ ఎన్నడు రాయలె.

కాశిబుగ్గల నాదొక ఆన్‌లైన్ సెంటరు.
రెండు కుర్చీలు, ఒక జిరాక్స్ మిషను,
కులం, ఆదాయం, హాల్ టికెట్లు అని
గోడ మీద మా చిన్నాయిన చేతిరాత.
"ఏడాది పైసలు ఒక్కపారే కడితే రెండు నెలలు ఫ్రీ"
అన్నడు మేల వచ్చిన టై కట్టిన పిలగాడు.
చిట్టీ ఎత్తి కట్టిన.

గీసుగొండ కెల్లి రవళి వచ్చిననాడు
నర్సింగు ఫీజుకు ఆఖరు దినం.
తెల్లటి పేజీ నడుమ చక్రం తిరుగుతనే ఉంది.
ఆ పిల్ల దాన్ని చూడలె, గోడ గడియారం చూసింది.
నేనే చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిచ్చి
రఫీక్ దుకాణంల కూసోవెట్టిన.
"అక్కా, నీ గిరాకిని నువ్వే తోలుకొస్తున్నవ్" అన్నడు రఫీక్.
నవ్వలేదు. గబగబ కట్టిండు.

"మీ కాల్ మాకు ఎంతో విలువైనది."
మా ఇంట్ల ఎవ్వరు నాతోని ఇంత మంచిగ మాట్లాడరు.
తర్వాత సంగీతం. బియ్యం కడిగిన, ఎసరు పెట్టిన,
అది అయిపోలె.
"మేడమ్, ఏడాది నిండకుండా ఒప్పందం రద్దు చేయడం కుదరదండి."
ఏ ఒప్పందం బిడ్డా?
నేను పైసలిస్త, నువ్వు లైనిస్తవ్, గంతే గదా.
దాంట్ల నా సగం మేలనే నిలబెట్టుకున్న.
"మా రికార్డుల్లో మీ సమస్య పరిష్కరించబడింది మేడమ్."
పరిష్కరించబడింది.
చేసినోడు కనవడని మాట.
నలభై రెండు పార్లు పరిష్కరించబడి
నా ముందట ఎర్రగ మిణుకుమంటంది.

నలభైమూడోపారికి ఓదెలు వచ్చిండు, నిచ్చెన భుజానేసుకొని.
స్తంభం ఎక్కిండు, దిగిండు, చేతులు దులుపుకున్నడు.
"నాలా కాడి పెట్టె పోయింది అక్కా.
మార్చుమని మూడు నెలల సంది చెప్తున్న.
పెట్టెను మార్చరు, నన్ను తోలుతరు.
వచ్చినందుకు అరవై. అవి గూడ రెండు నెలలాయె."
చాయ్ సగం తాగి కాయితం తీసిండు.
దాంట్ల రెండే గడులు:
బాగైంది. కస్టమర్ ఇంట్ల లేరు.
పెన్ను కొస కొరుక్కుంట శానసేపు చూసి
రెండు గడుల నడుమ జాగల
వంకర అక్షరాలతోని రాసిండు,
ఈ లైను బాగుగాదు అని.
కింద సంతకం.
"ఇది వాళ్ల మొకాన పెట్టు. నన్నేమంటరో అంటరు."

నక్కలగుట్ట ఆఫీసుల
బుక్కు తీసి మొదటిసంది చదివిన.
జూన్ నాలుగు. జూన్ అయిదు. జూన్ తొమ్మిది.
లైన్ల నిలబడ్డోళ్లు ముందుగాల నవ్విన్రు.
జులై కొచ్చేసరికి ఒకాయన "మాది గూడ గంతే" అన్నడు.
ఆగస్టుల ఇంకో ఇద్దరు.
"మా మనిషి ఎవడొచ్చిండు? ఏం చెప్పిండు?" అన్నడు సారు.
ఓదెలు కాయితం నా చేతిసంచిల ఉంది.
మొకాన పెట్టమన్నడు, నిజమే.
ఇంట్ల ఎవలున్నరో, అరవై రూపాయల కోసం ఎన్ని స్తంభాలెక్కుతడో.
"పేరు తెల్వది సారు" అన్న.
మళ్ల జూన్ నాలుగు నుంచి మొదలువెట్టిన,
ఈసారి జర గట్టిగ.

మిగిలిన ఆరు నెలల పైసలు వచ్చినయి,
ఆరువందలు కోసుకొని.
డబ్బ మీద గీత పడ్డదట.

తీగెను మాత్రం తీసుకపోలె.
వేలాడుతంటే మా అత్త గుంజి కిటికీ కమ్మికి కట్టింది,
పిల్లల యూనిఫారాలు, తడి దుప్పటి ఆరేసింది.
నిన్న పొద్దుగూకంగ
నిచ్చెనతోని అటు పోతున్న ఓదెలు
బండి నెమ్మది చేసి, బట్టల దిక్కు చూసి అడిగిండు:
"ఎట్లున్నది అక్కా లైను?"